ఒకే ప్రోగ్రాంలో రెండు కాలాల లైబ్రరీలు: దేన్ని పక్కన పెట్టాలి, దేన్ని ముట్టుకోకూడదు

ప్రశ్న ఇది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక చిన్న డిజైన్ సంస్థలో పనిచేస్తున్న మన ఇంజినీరు ఒకరు అడిగారు. ఆఫీసు కంప్యూటర్లను ఉబుంటు లినక్స్ 20.04 నుంచి 22.04కు మార్చాక, /ఆప్ట్ (బయటి సాఫ్ట్‌వేర్ పెట్టుకునే ఫోల్డర్) కింద ఉన్న సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదు. లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్‌ఓ.6 (సీ++ ప్రామాణిక లైబ్రరీ) ఫైలులో జీలిబ్‌సీఎక్స్‌ఎక్స్_3.4.30 వెర్షన్ దొరకలేదని, దాన్ని కోరింది లిబ్‌ఎల్‌ఎల్‌వీఎం అని, ఆ వెంటనే గ్రాఫిక్స్ డ్రైవర్ లోడ్ కాలేదని టెర్మినల్‌లో సందేశం వస్తోంది. సహోద్యోగి చెప్పారని, లైబ్రరీలను ముందు ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను, టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ చదివే .బాష్‌ఆర్‌సీ ఫైలులో పెడితే, అప్పటిదాకా చక్కగా నడిచిన పైథాన్ స్క్రిప్టులు కూడా మొరాయించాయి. ఇప్పుడు పాత ఉబుంటుకు వెనక్కి వెళ్లాలా, లేక పాత లైబ్రరీలను /యూఎస్‌ఆర్/లిబ్‌లోకి కాపీ చేయాలా అన్నది వారి సందేహం.

రెండూ వద్దు. మీ కంప్యూటర్‌లో పాడైనది ఏదీ లేదు. ఉబుంటు సరిగానే ఉంది, మీ సాఫ్ట్‌వేరూ సరిగానే ఉంది. వేర్వేరు సంవత్సరాల్లో తయారైన లైబ్రరీలు ఒకే ప్రోగ్రాంలోకి వచ్చి చేరాయి, అంతే. ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్ నడిచే లినక్స్ వర్క్‌స్టేషన్లను ఈ ఊళ్లోనే చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను. పెద్ద అప్‌గ్రేడ్ జరిగిన ప్రతిసారీ ఈ సందేశం ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. పరిష్కారం చిన్నదే. అయితే ఇలాంటి సందేశాన్ని ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే సలహాల్లో కొన్ని బాగున్న కంప్యూటర్‌ను నిజంగానే పాడుచేస్తాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. ఆదేశాలు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ఎల్‌డీ, లిబ్‌జీఎల్ తర్వాత అండర్‌స్కోర్ ఉన్న పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ముందు అసలు ఏం జరుగుతోందో చూద్దాం. ప్రతి షేర్డ్ లైబ్రరీ (చాలా ప్రోగ్రాములు పంచుకునే కోడ్) ఫైలు లోపలా దాని అధికారిక పేరు ఒకటి రాసి ఉంటుంది. దాన్ని ఎస్‌ఓనేమ్ అంటారు. లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్‌ఓ.6 అన్నది అలాంటి పేరు. ప్రోగ్రాం మొదలైనప్పుడు దానికి కావలసిన లైబ్రరీలను వెతికి తెచ్చే పని లోడర్‌ది, అంటే ఎల్‌డీ.ఎస్‌ఓది. ఈ లోడర్‌కు ఒక నియమం ఉంది: మామూలుగా ఒక ప్రోగ్రాంలో ఒక ఎస్‌ఓనేమ్ ఒక్కసారే లోడ్ అవుతుంది. తర్వాత ఎవరు అదే పేరు అడిగినా, ముందే వచ్చి కూర్చున్నదాన్నే చూపిస్తుంది. హాజరు పట్టీలో పేరు పిలిచినప్పుడు, ఆ పేరున్న పిల్లవాడు ఒకడు ముందే లేచి పలికితే ఉపాధ్యాయుడు రెండోవాడి కోసం వెతకడు కదా, అలాగే.

ఇక మీ సంగతి. ఆ సాఫ్ట్‌వేర్ తయారీదారు తన సీ++ లైబ్రరీని తనతోనే తెచ్చుకున్నారు. ప్రోగ్రాం మొదలవగానే ఆ పాత ఫైలు లోపలికి వచ్చింది. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. కిటికీ తెరవాల్సిన క్షణంలో, తెర మీద బొమ్మ గీయించే ఓపెన్‌జీఎల్ అవసరమైంది. ఓపెన్‌జీఎల్ డ్రైవర్‌ను ఏ తయారీదారూ తనతో తెచ్చుకోలేడు, ఎందుకంటే అది మీ కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డుకు సరిపోయేది కావాలి. అందుకని సిస్టమ్‌లోని మేసా (లినక్స్‌లో ఓపెన్‌జీఎల్‌ను అందించేది) డ్రైవర్‌ను డీఎల్‌ఓపెన్ (ప్రోగ్రాం నడుస్తుండగా లైబ్రరీని తెచ్చే పద్ధతి) ద్వారా అప్పటికప్పుడు లోపలికి లాగుతారు. ఆ డ్రైవర్‌కు ఎల్‌ఎల్‌వీఎం (కంపైలర్ పని చేసే లైబ్రరీ) కావాలి. ఎల్‌ఎల్‌వీఎం సీ++లో రాసినది, దానికి లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్‌ఓ.6 కావాలి, అందులో 3.4.30 అనే వెర్షన్ గుర్తు ఉండాలి. లోడర్ చూసింది. ఆ పేరుతో ఒకటి ముందే ఉంది కాబట్టి మళ్లీ వెతకలేదు. ఉన్నదాంట్లో ఆ గుర్తు లేదు. డ్రైవర్‌ను తిప్పి పంపేసింది. కార్డు డ్రైవర్ రాకపోతే మేసా, ప్రాసెసర్ మీద బొమ్మ గీసే స్వరాస్ట్ డ్రైవర్‌ను ప్రయత్నిస్తుంది. దానికీ అదే ఎల్‌ఎల్‌వీఎం కావాలి, అదీ ఆగిపోతుంది. అందుకే మీకు నెమ్మదిగానైనా కిటికీ తెరుచుకోలేదు, అసలే తెరుచుకోలేదు.

జీలిబ్‌సీఎక్స్‌ఎక్స్ అంకెలు, అంటే ఈ గుర్తులు, జీసీసీ కంపైలర్ వెర్షన్‌తో పాటు పెరుగుతూ వస్తాయి. జీసీసీ 4.9తో 3.4.20, జీసీసీ 5తో 3.4.21, జీసీసీ 8తో 3.4.25, జీసీసీ 11తో 3.4.29, జీసీసీ 12తో 3.4.30 వచ్చాయి. ఉబుంటు 20.04లోని ఎల్‌ఎల్‌వీఎం పాత కంపైలర్‌తో తయారైంది కాబట్టి పాత గుర్తులతోనే సరిపెట్టుకుంది. 22.04లోది కొత్త గుర్తు అడుగుతోంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అక్షరం మారకుండానే అది ఆగిపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు నిర్ధారించుకోవడం. మెనూలోని బొమ్మ మీద నొక్కకుండా టెర్మినల్ నుంచి నడపండి. సందేశంలో రెండు దారులు కనిపిస్తాయి: గుర్తు ఏ ఫైలులో లేదో ఆ దారి మొదటిది, ఆ గుర్తును ఏ ఫైలు అడిగిందో ఆ దారి రెండోది. మొదటిది /ఆప్ట్ కింద, రెండోది /యూఎస్‌ఆర్/లిబ్ కింద ఉంటే నేను చెప్పిన కథే. దీనికి తలకిందులుగా ఉంటే, అంటే అడిగింది /ఆప్ట్‌లోని ఫైలు, లేనిది సిస్టమ్ ఫైలు అయితే, మీ ఉబుంటు ఆ సాఫ్ట్‌వేర్‌కు మరీ పాతదని అర్థం. అది వేరే సమస్య. దానికి ఈ మందు పనికిరాదు.

సందేశం స్పష్టంగా రాకపోతే లిబ్‌జీఎల్_డీబగ్=వెర్బోస్ అని ముందు పెట్టి నడపండి. అదీ చాలకపోతే ఎల్‌డీ_డీబగ్=లిబ్స్ అని పెట్టండి. లోడర్ ఏ పేరు కోసం ఏ ఏ ఫోల్డర్లలో వెతికిందో వరుసగా చెబుతుంది. చాలా పొడవుగా వస్తుంది కాబట్టి ఎల్‌డీ_డీబగ్_అవుట్‌పుట్‌కు ఒక ఫైలు పేరు ఇస్తే మంచిది. ఆ పేరు చివర ప్రాసెస్ సంఖ్య చేర్చి ఒక్కో ప్రాసెస్‌కు ఒక్కో ఫైలు రాస్తుంది. ప్రోగ్రాం నడుస్తూనే తేడాగా ప్రవర్తిస్తుంటే /ప్రాక్ కింద దాని ప్రాసెస్ సంఖ్య పేరుతో ఉన్న ఫోల్డర్‌లో మ్యాప్స్ అనే ఫైలు చూడండి. ఆ క్షణంలో నిజంగా లోపల ఉన్న లైబ్రరీలన్నీ పూర్తి దారులతో అందులో ఉంటాయి. దానికి మించిన సాక్ష్యం లేదు.

ఒక ప్రోగ్రాంకు ఏయే లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీ ఆదేశం మీద మాత్రం పూర్తిగా ఆధారపడకండి. డీఎల్‌ఓపెన్‌తో తర్వాత వచ్చేవి అందులో కనిపించవు, మీ గొడవ అంతా అక్కడే ఉంది. పైగా మీరు ఎల్‌డీడీ నడిపే టెర్మినల్‌లో ఉన్న ఎన్విరాన్‌మెంట్ (ప్రోగ్రాంకు అందే సెట్టింగులు) వేరు, సాఫ్ట్‌వేర్ ప్రారంభ స్క్రిప్టు తయారుచేసే ఎన్విరాన్‌మెంట్ వేరు. నమ్మకం లేని ఫైలు మీద ఎల్‌డీడీ వాడటం కూడా ప్రమాదమే, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రాంనే నడిపేస్తుంది. ఒక ఫైలు ఏమేమి అడుగుతోందో చూడటానికి రీడ్‌ఎల్ఫ్ -డీ క్షేమమైనది.

ఇక రెండు ఫైళ్లలో ఏది కొత్తదో చూడాలి. స్ట్రింగ్స్ ఆదేశంతో లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్‌ఓ.6ను చదివి, అందులో జీలిబ్‌సీఎక్స్‌ఎక్స్ ఉన్న వరుసలను గ్రెప్‌తో ఏరి, సార్ట్ -వీతో పేర్చండి. పెద్ద వీ వాడాలి, లేకపోతే 3.4.9 తర్వాత 3.4.10 రావాల్సింది ముందుకు వెళ్లిపోతుంది. సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్న ఫైలులో చివరి అంకె 3.4.25 దగ్గర ఆగి, సిస్టమ్ ఫైలులో 3.4.30 దాకా ఉంటే, పక్కకు తప్పుకోవలసినది సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నదే.

ఎందుకంటే సీ++ ప్రామాణిక లైబ్రరీ 2004లో వచ్చిన జీసీసీ 3.4 నుంచీ అదే .ఎస్‌ఓ.6 పేరుతో సాగుతోంది. దాన్ని రాసేవాళ్లు పాత గుర్తులను తీసేయకుండా కొత్తవి చేర్చుకుంటూ వస్తున్నారు. 2015లో జీసీసీ 5 వచ్చినప్పుడు స్ట్రింగ్, లిస్ట్ రకాల లోపలి నిర్మాణమే మారింది. అప్పుడు కూడా పాతదీ కొత్తదీ రెండూ ఒకే ఫైలులో ఉండేలా ఎంతో శ్రమపడి కట్టారు. కాబట్టి పాత ప్రోగ్రాం కొత్త లైబ్రరీతో నడుస్తుంది. కొత్త డ్రైవర్ పాత లైబ్రరీతో నడవదు. రెండు పక్షాలకూ కావలసిన ఒక లైబ్రరీ ఉన్నప్పుడు, అది ఇలా వెనకటివాటిని కాపాడుకుంటూ వచ్చే రకమైతే, కొత్తదాన్నే ఉంచాలి. అదీ ఆ ఒక్క ప్రోగ్రాం వరకే. ఈ సమాధానంలో నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగిలినదంతా దీని వివరమే.

చేయవలసిన పని: సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్‌ఓ.6 ఎక్కడెక్కడ ఉందో ఫైండ్‌తో వెతకండి. ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉండవచ్చు. దానితో పాటు లిబ్‌జీసీసీ_ఎస్.ఎస్‌ఓ.1 కూడా సాధారణంగా పక్కనే ఉంటుంది. రెండూ ఒకే కంపైలర్ నుంచి వచ్చిన జంట, రెంటినీ కలిపే కదపాలి. లైబ్రరీల ఫోల్డర్ బయట పక్కన_పెట్టినవి లాంటి పేరుతో ఒక కొత్త ఫోల్డర్ చేసి, అందులోకి తరలించండి. తుడిచేయకండి. అదే ఫోల్డర్‌లో పేరు చివర .బ్యాక్ అని తగిలించి ఊరుకోకండి కూడా. ఆ ఫోల్డర్ ఎప్పుడైనా ఎల్‌డీకాన్ఫిగ్ (సిస్టమ్ లైబ్రరీల జాబితా కట్టే ఆదేశం) జాబితాలోకి వస్తే, అది ఫైలు లోపలి ఎస్‌ఓనేమ్ చదివి, పాత ఫైలుకే మళ్లీ లింకు కట్టే అవకాశం ఉంది. తర్వాత ప్రోగ్రాం నడిపి, మ్యాప్స్ ఫైలులో /యూఎస్‌ఆర్/లిబ్‌లోని సీ++ లైబ్రరీ వచ్చిందో లేదో చూసుకోండి.

/ఆప్ట్‌లో రాసే అధికారం మీకు లేకపోతే, ఎల్‌డీ_ప్రీలోడ్‌కు సిస్టమ్ లైబ్రరీ పూర్తి దారి ఇచ్చి, ఒక చిన్న స్క్రిప్టు ద్వారా ఆ ప్రోగ్రాంను మాత్రమే నడపవచ్చు. మొదట లోపలికి వచ్చేది అదే కాబట్టి పాతదానికి అవకాశం ఉండదు. ఫైళ్లు కదపడం కంటే ఇది ఒక మెట్టు తక్కువే, అయినా పనిచేస్తుంది.

ఇప్పుడు .బాష్‌ఆర్‌సీ సంగతి. దయచేసి ఆ వరుసను ఈరోజే తీసేయండి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒక ప్రోగ్రాం నుంచి అది పుట్టించే ప్రతి ప్రోగ్రాంకూ వారసత్వంగా వెళ్తుంది. .బాష్‌ఆర్‌సీలో పెడితే ఆ టెర్మినల్ నుంచి మీరు నడిపే ప్రతిదీ, ముందు ఆ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో లైబ్రరీల కోసం వెతుకుతుంది. మీ పైథాన్ స్క్రిప్టుల్లో సీ++తో రాసిన మాడ్యూళ్లు ఉంటే, అవీ ఆ పాత సీ++ లైబ్రరీకే వెళ్లి తగులుకున్నాయి. పైథాన్‌లో లోపం లేదు.

దీని మరో రూపం కూడా మీకు ఎదురవుతుంది. సాఫ్ట్‌వేర్ బాగానే తెరుచుకుంటుంది, కానీ అందులో సహాయం మెనూ నొక్కితే బ్రౌజర్ రాదు, లేదా పీడీఎఫ్ తెరుచుకోదు. ప్రారంభ స్క్రిప్టు పెట్టిన దారి బ్రౌజర్‌కు కూడా వారసత్వంగా వెళ్లింది. స్క్రిప్టు రాసేవాళ్లు బయటి ప్రోగ్రాంను పిలిచే చోట ఎన్వ్ -యూతో ఆ వేరియబుల్‌ను తీసేసి పిలవాలి. పైథాన్ ప్రోగ్రాంను ఒక మూటగా కట్టే పైఇన్‌స్టాలర్ ఈ విషయంలో మంచి పద్ధతి పాటిస్తుంది: పాత విలువను ఎల్‌డీ_లైబ్రరీ_పాత్_ఒరిజ్ పేరుతో దాచి ఉంచుతుంది, బయటి ప్రోగ్రాంను పిలిచే ముందు దాన్ని తిరిగి పెట్టుకోవచ్చు.

ఇంకొక చిన్న, ప్రమాదకరమైన సంగతి. చాలా స్క్రిప్టుల్లో పాత విలువ, కోలన్, కొత్త ఫోల్డర్ అని కలుపుతారు. పాత విలువ ఖాళీగా ఉంటే ముందు ఒంటరి కోలన్ మిగులుతుంది. ఖాళీ భాగాన్ని లోడర్ ప్రస్తుత ఫోల్డర్ అని అర్థం చేసుకుంటుంది. అంటే మీరు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో నిలబడి ప్రోగ్రాం నడిపితే, అక్కడ ఎవరో పంపిన లైబ్రరీ ఫైలు కూడా లోపలికి రావచ్చు. పాత విలువ ఉంటేనే కోలన్ కలిపేలా స్క్రిప్టు రాయండి.

సుడోతో (రూట్, అంటే అడ్మిన్ అధికారంతో) నడిపితే ప్రోగ్రాం చక్కగా తెరుచుకుంటోందని కొందరు అంటారు. అది కూడా ఇదే కథ. సుడో ఎల్‌డీ_తో మొదలయ్యే వేరియబుళ్లను తీసేస్తుంది, అందుకే గొడవ మాయమవుతుంది. దాన్ని ఆనవాలుగా వాడుకోండి. రోజూ రూట్‌గా నడపడం అలవాటు చేసుకోకండి.

ఔటర్ రింగ్ రోడ్డు వెంట చిప్ డిజైన్ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లకు ఇది మరో దారిలో తగులుతుంది. అక్కడ మాడ్యూల్ లోడ్ అని కొట్టి ఒక్కో టూల్‌ను తెచ్చుకుంటారు. ఒకే టెర్మినల్‌లో రెండు మూడు టూల్స్ లోడ్ చేస్తే అన్నిటి ఫోల్డర్లూ ఒకే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లో వరుసగా చేరతాయి. ముందున్నదే గెలుస్తుంది. ఏది ముందు ఉంటుందో మీరు లోడ్ చేసిన క్రమాన్ని బట్టి మారుతుంది కాబట్టి, నిన్న నడిచినది ఈరోజు నడవదు, పక్క సీటులో నడిచినది మీ దగ్గర నడవదు. ఒక టూల్‌కు ఒక టెర్మినల్ అనే క్రమశిక్షణ పాటిస్తే ఈ తలనొప్పి దాదాపు ఉండదు. రెండిటినీ ఒకే స్క్రిప్టులో వాడక తప్పకపోతే, ఒక్కో టూల్‌ను దాని సొంత సబ్‌షెల్‌లో పిలవండి.

వెతికే క్రమం గురించి ఒక వివరం తెలియాలి, ఎందుకంటే అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడే తికమకపడతారు. ప్రోగ్రాం ఫైలులోనే లైబ్రరీల దారి రాసి ఉండవచ్చు. దానికి రెండు రకాలు: ఆర్‌పాత్, రన్‌పాత్. ఆర్‌పాత్ అయితే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ కంటే ముందు చూస్తారు. రన్‌పాత్ అయితే దాని తర్వాత చూస్తారు. రెండూ ఉంటే ఆర్‌పాత్‌ను పట్టించుకోరు. ఆ తర్వాత ఎల్‌డీకాన్ఫిగ్ తయారుచేసిన కాష్, చివరికి /లిబ్, /యూఎస్‌ఆర్/లిబ్. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, ప్రోగ్రాంలోని ఆర్‌పాత్ దాని లైబ్రరీలు పిలిచే లైబ్రరీలకు కూడా వర్తిస్తుంది. రన్‌పాత్ అలా కాదు, అది రాసి ఉన్న ఫైలు నేరుగా అడిగే లైబ్రరీలకే వర్తిస్తుంది. ఉబుంటు కంపైలర్ ఇప్పుడు రాసేది రన్‌పాతే. దీనివల్ల ప్రోగ్రాం అడిగిన మొదటి లైబ్రరీ దాని సొంత ఫోల్డర్ నుంచి వస్తుంది, ఆ లైబ్రరీ అడిగిన రెండోది సిస్టమ్ నుంచి వస్తుంది. సగం అక్కడివి, సగం ఇక్కడివి. తయారీదారు పరీక్షించిన కంప్యూటర్‌లో ఆ రెండూ ఒకే వెర్షన్ అయి ఉంటే వాళ్లకు ఏమీ తెలియదు. రీడ్‌ఎల్ఫ్ -డీలో ఈ రెంటిలో ఏది ఉందో కనిపిస్తుంది. ప్యాచ్‌ఎల్ఫ్‌తో మార్చవచ్చు. అయితే అది మామూలుగా రాసేది రన్‌పాత్ అని గుర్తుంచుకోండి. ఆర్‌పాతే కావాలంటే ఫోర్స్-ఆర్‌పాత్ అని ప్రత్యేకంగా చెప్పాలి.

సీ++ లైబ్రరీని పక్కన పెట్టాక ఇంకో రకం సందేశం రావచ్చు: ఫలానా లైబ్రరీలో ఫలానా సింబల్ (ఫంక్షన్ లాంటిదాని పేరు) నిర్వచించి లేదు అని. దీని స్వభావం వేరు. సీ++ లైబ్రరీ, జీలిబ్‌సీ (సిస్టమ్‌కు ఆధారమైన సీ లైబ్రరీ) తమ సింబళ్లకు వెర్షన్ గుర్తులు పెట్టుకున్నాయి కాబట్టి తేడా ఉంటే లోడ్ అయ్యేటప్పుడే చెబుతాయి. ఆ గుర్తులు లేని లైబ్రరీల్లో తేడా ఆ ఫంక్షన్‌ను పిలిచేదాకా బయటపడకపోవచ్చు. ప్రసిద్ధమైన ఉదాహరణలు రెండున్నాయి. సిస్టమ్‌లో ఫాంట్లను వెతికే ఫాంట్‌కాన్ఫిగ్, ఎఫ్‌టీ_డన్_ఎంఎం_వార్ అనే ఫంక్షన్‌ను అడుగుతుంది. అది ఫాంట్ అక్షరాలను గీసే ఫ్రీటైప్ 2.9లో వచ్చింది, ప్రోగ్రాం తెచ్చుకున్న ఫ్రీటైప్ అంతకన్నా పాతది. అలాగే సిస్టమ్‌లో అక్షరాలను పేర్చే పాంగో, జీ_స్ట్రింగ్_ఫ్రీ_అండ్_స్టీల్‌ను అడుగుతుంది. అది డెస్క్‌టాప్ ప్రోగ్రాములు వాడే అడుగు లైబ్రరీ జీలిబ్ 2.76లో వచ్చింది, ప్రోగ్రాం తెచ్చుకున్న జీలిబ్‌లో ఉండదు. ఇక్కడి జీలిబ్ వేరు, ఇందాక చెప్పిన జీలిబ్‌సీ వేరు, పేర్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి పొరపడకండి.

ఈ సందర్భాల్లోనూ పాతదాన్ని పక్కన పెట్టి సిస్టమ్‌దాన్ని రానివ్వడమే మార్గం. కాకపోతే కుటుంబాన్ని విడదీయకూడదు. జీలిబ్ అంటే ఒక ఫైలు కాదు, జీఆబ్జెక్ట్, జీఐఓ, జీమాడ్యూల్ అన్నీ కలిసి ఒకే విడుదల. ఒకదాన్ని కదిపితే అన్నిటినీ కదపాలి.

ఇదే పద్ధతి అన్నిటికీ వర్తింపజేయకండి. సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లోని క్యూటీ (కిటికీలు, బటన్లు గీసేది), బూస్ట్, ఐసీయూ, ప్రోటోబఫ్ లాంటి లైబ్రరీల జోలికి పోవద్దు. అవి వెర్షన్ వెర్షన్‌కూ మారిపోయే రకం, లేదా ప్రోగ్రాం వాటి లోపలి భాగాలను నేరుగా వాడుకునే రకం. వాటిని ఆ తయారీదారు తెచ్చినట్టే ఉంచాలి. పక్కన పెట్టాల్సినవి, సిస్టమ్ నుంచి తప్పనిసరిగా వచ్చే డ్రైవర్, ఫాంట్, డెస్క్‌టాప్ భాగాలు కూడా వాడుకునే అడుగు లైబ్రరీలు మాత్రమే. యాప్‌ఇమేజ్ (ప్రోగ్రాం మొత్తాన్ని ఒకే ఫైలుగా ఇచ్చే పద్ధతి) వాళ్లు ఇలాంటివాటికి ఒక జాబితానే నిర్వహిస్తున్నారు: జీలిబ్‌సీ, లిబ్‌ఎస్‌టీడీసీ++, లిబ్‌జీఎల్, లిబ్‌డీఆర్‌ఎం, ఫాంట్‌కాన్ఫిగ్, ఫ్రీటైప్ అందులో ఉన్నాయి. మీ సాఫ్ట్‌వేర్ యాప్‌ఇమేజ్ కాకపోయినా, ఏది కదపవచ్చో ఊహించడానికి ఆ జాబితా ఉపయోగపడుతుంది.

క్యూటీ మాట వచ్చింది కాబట్టి మనకు దగ్గరి విషయం ఒకటి. లినక్స్‌లో భాషలు టైపు చేయించే ఐబస్‌తో తెలుగు టైపు చేసేవాళ్లు, మిగతా అన్నిచోట్లా తెలుగు పడుతున్నా ఒక్క ప్రోగ్రాంలో మాత్రం ఇంగ్లీషే పడుతోందని తరచూ అడుగుతారు. ఆ ప్రోగ్రాం సొంత క్యూటీ తెచ్చుకుని, ఐబస్ ప్లగిన్‌ను మాత్రం తెచ్చుకోకపోవడమే చాలాసార్లు కారణం. సిస్టమ్‌లోని ప్లగిన్‌ను అందులోకి కాపీ చేస్తే, క్యూటీ వెర్షన్ సరిగ్గా కలిస్తే తప్ప పనిచేయదు. తయారీదారుకు రాసి ఆ ప్లగిన్‌ను చేర్చమని అడగడమే సరైన పని, మొహమాటపడకండి. మనం అడగకపోతే తెలుగు టైపు చేసేవాళ్లు ఉన్నారని వాళ్లకు తెలిసే దారి లేదు.

జీలిబ్‌సీ విషయంలో నా మాట కఠినంగానే ఉంటుంది: దాన్ని ఎక్కడి నుంచీ తెచ్చి ఎక్కడా పెట్టకండి. లోడర్, లిబ్‌సీ.ఎస్‌ఓ.6 రెండూ ఒకే విడుదలవై ఉండాలి. లోడర్ దారి ప్రతి ప్రోగ్రాం ఫైలులోనూ స్థిరంగా రాసి ఉంటుంది కాబట్టి లిబ్‌సీని మాత్రమే మారిస్తే జత తప్పుతుంది. 2021 ఆగస్టులో వచ్చిన 2.34లో అయితే పీత్రెడ్, డీఎల్ లైబ్రరీలను కూడా లిబ్‌సీలోనే కలిపేశారు. పాత, కొత్త ముక్కలు కలగలిస్తే ఇప్పుడు ఇంకా ఘోరం. /యూఎస్‌ఆర్/లిబ్‌లోని లిబ్‌సీ మీద వేరేది రాసేస్తే ఎల్‌ఎస్, సీపీ, సుడో ఏవీ నడవవు, సరిదిద్దడానికి కూడా ఆదేశం మిగలదు. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి బాగు చేసుకోవాల్సి వస్తుంది. పాత లైబ్రరీలను /యూఎస్‌ఆర్/లిబ్‌లోకి కాపీ చేయాలా అని మీరు అడిగినప్పుడు అంత గట్టిగా వద్దన్నది అందుకే. అక్కడి ఫైళ్లు ఉబుంటు ప్యాకేజీ వ్యవస్థ ఏపీటీవి, మనవి కావు.

తయారీదారులు లైబ్రరీలు వెంట తెచ్చుకోవడం తప్పు అని నేను అనను. ఒకే ప్యాకేజీ ఉబుంటు, రెడ్ హ్యాట్, సూసే అన్నిటి మీదా నడవాలంటే వాళ్లకు వేరే దారి తక్కువ. రెడ్ హ్యాట్ 7 వంటి పాత వేదికను లక్ష్యంగా పెట్టుకుని జీలిబ్‌సీ 2.17తో కంపైల్ చేస్తే తర్వాతి వాటన్నిటి మీదా నడుస్తుందనే లెక్క సబబైనదే. నాకు అభ్యంతరం ఉన్నది, తెచ్చుకున్న లైబ్రరీకి తర్వాత దిక్కు లేకుండా వదిలేయడం మీద. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ భద్రతా లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు సిస్టమ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను ఒక్క ఆదేశంతో సరిచేసుకోగలిగాం. ప్రోగ్రాములు తమ కడుపులో దాచుకున్న కాపీలకు ఆ అప్‌డేట్ చేరదు, ఎవరికి వారు కొత్త విడుదల ఇవ్వాల్సిందే. డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీలు (డిస్ట్రోలు) ఇలా వెంట తెచ్చుకునే పద్ధతిని అంతగా నిరుత్సాహపరచడానికి ఇది బలమైన కారణం.

మీలో ఎవరైనా ఇలాంటి సాఫ్ట్‌వేర్ తయారుచేసే పక్షాన ఉంటే, మంచి ఉదాహరణలు ఉన్నాయి. గేమ్‌ల వేదిక స్టీమ్ తన మొదటి రన్‌టైమ్‌ను (గేమ్‌లతో ఇచ్చే లైబ్రరీల కట్టను) ఉబుంటు 12.04 లైబ్రరీలతో కట్టింది. కొత్త డిస్ట్రోల మీద సరిగ్గా మీకు వచ్చిన డ్రైవర్ సమస్యే వచ్చి, వాడుకరులు ఆ ఫోల్డర్‌లోని సీ++ లైబ్రరీని చేతితో తుడిచేసుకునేవాళ్లు. తర్వాత వాళ్లు రెండు పక్షాల వెర్షన్లనూ పోల్చి కొత్తదాన్ని ఎంచుకునే ఏర్పాటు చేశారు. ఆ పైన డెబియన్ 10, 11 ఆధారంగా కంటైనర్ (ప్రోగ్రాంకు విడి లినక్స్ పరిసరం ఇచ్చే పెట్టె) రన్‌టైమ్‌లు తెచ్చారు. పైథాన్ వీల్స్ (సిద్ధమైన ప్యాకేజీలు) కోసం ఆడిట్‌వీల్ అనే సాధనం ఇంకో తెలివైన పని చేస్తుంది: వెంట తెచ్చే లైబ్రరీ పేరులోనే ఒక హ్యాష్ చేర్చి ఎస్‌ఓనేమ్ మార్చేస్తుంది. పేరే వేరైతే ముందు వచ్చినది గెలిచే గొడవ ఉండదు. మీది చిన్న ప్రోగ్రాం అయితే -స్టాటిక్-లిబ్‌ఎస్‌టీడీసీ++ (సీ++ లైబ్రరీని ప్రోగ్రాంలోనే కలిపేసే ఎంపిక) వాడి, ఆ సింబళ్లు బయటికి కనిపించకుండా దాచేయడం సులువైన దారి.

ఇవేవీ పనిచేయకపోతే కంటైనర్. డిస్ట్రోబాక్స్ లేదా అప్టైనర్‌లో ఆ సాఫ్ట్‌వేర్ తయారీదారు అధికారికంగా మద్దతిచ్చే పంపిణీని పెట్టి, అందులో నడపండి. అప్పుడు సీ++ లైబ్రరీ, మేసా, ఎల్‌ఎల్‌వీఎం అన్నీ ఒకే కాలానివి అవుతాయి. కార్డు ఎన్‌విడియాది అయితే ఒక జాగ్రత్త ఉంది: ఆ డ్రైవర్‌లో యూజర్ భాగం, కెర్నల్ భాగం ఒకే వెర్షన్ అయి ఉండాలి. అందుకని కంటైనర్‌లో విడిగా డ్రైవర్ వేయకుండా, అప్టైనర్‌లో --ఎన్‌వీ ఇచ్చి బయటి కంప్యూటర్ డ్రైవర్‌నే లోపలికి చూపించాలి.

తయారీదారు నుంచి తర్వాతి ప్యాచ్ వేసినప్పుడు మీరు పక్కన పెట్టిన ఫైళ్లు మళ్లీ వచ్చి కూర్చుంటాయి. అందుకని ఏ ఫైలు ఎక్కడి నుంచి తీశారో ఆ పక్కన_పెట్టినవి ఫోల్డర్‌లోనే తేదీతో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు రాసి ఉంచండి. మీ తర్వాత ఆ కంప్యూటర్ చూసేవారికి అది ఎంతో మేలు. ఇంత చేశాక కూడా తెరుచుకోకపోతే పూర్తి సందేశం, ప్రారంభ స్క్రిప్టులో ఎల్‌డీ_ ఉన్న వరుసలు, ప్రధాన ప్రోగ్రాం మీద రీడ్‌ఎల్ఫ్ -డీ ఫలితం, ఈ మూడూ ఇక్కడ పెట్టండి. స్క్రీన్ ఫోటో కాకుండా అక్షరాలుగా పెడితే ఇదే సమస్యతో వెతికేవారికి కూడా దొరుకుతుంది.